సూర్యలంక ఒడ్డున మా తమ్ముడు వేసిన జడ

మా చిన్న తమ్ముడు మోహన్ ఫొటోగ్రాఫరు. మగవాళ్ళు ఇంట్లో చేస్తూ బయటికి చెప్పుకోని పనులను పొలాల్లో, నీళ్ళ ఒడ్డున చేయించి ఫొటోలు తీస్తున్నాడు. ఈసారి పెద్ద తమ్ముడు సుధాకర్ వంతు. అతని భార్య నర్సు, ఉదయం ఆరింటికే డ్యూటీ. పదేళ్ళ కూతురు గ్రేసికి రోజూ జడలు వేసేది సుధాకరే, ఎవరికీ తెలియనివ్వడు. "అక్క వస్తేనే వస్తా" అన్నాడట. అందుకే బయలుదేరాను.

రేపల్లెలో ప్రార్థన ముగించుకుని తొలి పాసింజరు ఎక్కాను. తెనాలికి గంట ప్రయాణం. వాళ్ళు ముగ్గురూ అక్కడ కలిశారు. స్టేషను బయట ఇడ్లీ తిని, మరో రైల్లో ముప్పావుగంటలో బాపట్ల చేరాం. అక్కడినుంచి సూర్యలంకకు ఆటో, వెళ్ళి రావడానికి నాలుగు వందలు. చేరేసరికి తొమ్మిదిన్నర.

సుధాకర్ ఇసుకలో మఠం వేసుకుని, గ్రేసిని ముందు కూర్చోబెట్టుకున్నాడు. ఆటో డ్రైవరు వచ్చి నిలబడ్డాడు.

"ఏంటన్నా, పార్లరు పెట్టావా?"

వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు నవ్వారు. సుధాకర్ దువ్వెన కింద పెట్టేశాడు. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఇంట్లో కూడా ఇక దువ్వెన పట్టడేమోనని నాకు భయం వేసింది. లోలోపల ప్రార్థించుకున్నాను.

"కానీయి నాన్నా, ఇసుక కాలుతోంది" అంది గ్రేసి.

తల వంచుకుని గబగబా అల్లేశాడు. మోహన్ కెమెరా దించి, "చాలన్నయ్యా, బాగా వచ్చింది" అన్నాడు.

"ఏం బాగుందిరా? పాపిడి వంకర పోయింది. గాలికి జుట్టంతా రేగింది."

"అదే అందం అన్నయ్యా."

"నీ అందం నీ దగ్గరే పెట్టుకో. నా కూతుర్ని ఇలా ఊళ్ళోకి తీసుకెళ్ళను."

రెండు జడలూ విప్పేసి, డ్రైవరు వైపు తిరిగాడు. "ఏవయ్యా, నవ్వింది చాలు గానీ, గాలికి అడ్డం నిలబడు."

అతను బుద్ధిగా నిలబడ్డాడు. కాసేపటికి వంగి చూస్తూ, "మూడు పాయలేనా అండి?" అని అడిగాడు.

"మూడే. నడిమిది వదలకూడదు."

మొదటి జడలు కెమెరా కోసం వేశాడు. రెండోసారి వేసినప్పుడు కెమెరా ఉందన్న సంగతే మరిచిపోయాడు. తమ్ముళ్ళను పెంచిన చేతులు నావి. ఆ కాసేపూ నేను ఒట్టినే కూర్చుని చూశాను, మనసు నిండింది. మీరు ఫొటోల కోసం వెళ్తే ముందురోజే బాపట్లలో దిగి, గాలి పెరగకముందే, ఎనిమిదిలోపు ఒడ్డుకు చేరండి. మేము ఆలస్యంగా వెళ్ళడంవల్లే జడలు రెండుసార్లు వేయాల్సి వచ్చింది. అందుకు మాత్రం నాకేమీ విచారం లేదు.