అల్లుడికిచ్చిన తాళంచెవి

రాజోలు బస్టాండు వెనక లోవరాజుకి ఒక నెట్ సెంటరు ఉండేది. రెండువేల ఎనిమిది నాటికి ఆ చుట్టుపక్కల కుర్రకారుకి అది సెంటరు కాదు, రాజ్యం. మూలనున్న పాత కంప్యూటర్‌ని సర్వరు చేసి, రాజులూ సైనికులూ తిరిగే ఆటొకటి అందులో పెట్టాడు. మలికిపురం నుంచి ఆడేవారు, అమలాపురం నుంచి ఆడేవారు, శుక్రవారం సెలవొస్తే దుబాయ్ నుంచీ ఆడేవారు. జనం అంతలా ఎగబడింది ఆట బాగుందని కాదు, లోవరాజు దగ్గర దొంగాట సాగదని. లేని బంగారం పుట్టించినవాణ్ని, గోడల్లోంచి నడిచినవాణ్ని తెల్లారేసరికి పీకేసేవాడు. చుట్టమైనా ఒకటే, స్నేహితుడైనా ఒకటే. డిగ్రీ తప్పిన మనిషికి ఊళ్లో దొరికిన మర్యాదంతా ఆ ఒక్క పేరు మీదే నిలబడింది.

అంతటివాడూ ఇంటి అల్లుడి దగ్గర బోల్తాపడ్డాడు.

చెల్లెలు తులసికి ఆ వేసవిలోనే పెళ్లయింది. మొగుడు సురేంద్రది అమలాపురం. ఆషాఢం రాగానే తులసి పుట్టింటికొచ్చింది. కొత్తల్లుడు ఆ నెల అత్తారి గడప తొక్కకూడదు కదా, అందుకని మొగుడూ పెళ్లాం ఆటలో కలుసుకునేవారు. కోట గుమ్మం దగ్గర ఇద్దరి బొమ్మలూ నిలబడి కబుర్లు చెప్పుకునేవి. ముచ్చటే గానీ, సురేంద్రకి ఆట చేతకాదు. దారినపోయే ప్రతివాడూ పెళ్లాం ఎదుటే ఆయన్ని నరికిపోయేవాడు. చివరికి లోవరాజుకి ఫోన్ చేసి, ఆటలో ఏ ఆయుధమైనా పుట్టించగలిగే సర్వరు పాస్‌వర్డ్ ఇమ్మన్నాడు.

"అది ఎవరికీ ఇవ్వనండి బావగారూ," అన్నాడు లోవరాజు.

పక్కనే చేపలు తోముతున్న తల్లి అప్పాయమ్మ చెయ్యి ఆపింది. "అల్లుడుగారు మొదటిసారి నోరు తెరిచి అడిగేరు. లేదంటావేంట్రా? రేపు నీ చెల్లి ఏ మొహం పెట్టుకుని కాపరానికెళ్తాది?"

ఇచ్చేశాడు. సర్వరుకి ఎన్ని తాళాలు వేస్తే ఏం లాభం, మొహమాటానికి తాళం వెయ్యడం మనవాళ్లలో ఎవరికి చేతనైంది గనక.

సురేంద్ర చెలరేగిపోయాడు. దుబాయ్‌లో తాపీ పని చేసే ఇమ్మానుయేలు ఏడాదిపాటు సెలవులన్నీ ధారపోసి సంపాదించుకున్న కత్తిని ఒక్క దెబ్బకి లాక్కున్నాడు. "మీరున్నారన్న ధైర్యంతోనే ఆడుతున్నానండి అన్నగారూ," అని లోవరాజుకి రాశాడు ఇమ్మానుయేలు. లోవరాజు వెతికి చూస్తే, ఆటలో లేని కత్తులు తన పేరు మీదే పుట్టి ఉన్నాయి. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఇద్దరే. ఎవరితోనూ అనకుండా అది మార్చేసి, ఇమ్మానుయేలు కత్తి ఇమ్మానుయేలుకిచ్చి, బావగారి దొంగ కత్తులన్నీ తీసేశాడు. ఆ క్షణాన సురేంద్ర యుద్ధం మధ్యలో ఉన్నాడు. చేతిలో కత్తి మాయమై, పెళ్లాం చూస్తుండగా చచ్చాడు.

శ్రావణం వచ్చింది. సురేంద్ర రాలేదు. వరలక్ష్మీ వ్రతం నాడు పేరంటాళ్లు "ఇంకా తీసుకెళ్లలేదా అమ్మాయిని?" అని అడుగుతుంటే తులసి వంటింట్లోంచి బయటికి రాలేదు. అప్పాయమ్మ కొడుకుతో మాట్లాడటం మానేసింది. లోవరాజుకి కూడు సయించలేదు, కన్ను మూతపడలేదు. ఆఖరికి అమలాపురం బస్సెక్కాడు.

సురేంద్ర కుర్చీ వేశాడు, కాఫీ ఇప్పించాడు. మర్యాదకేం లోటు లేదు, ప్రాణం తీసే మర్యాద.

"నన్ను దొంగని చేసేరు కదండీ బావగారూ. దొంగ మీ ఇంటికెలా వస్తాడండి?"

"ఏం చెయ్యమంటారో చెప్పండి. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"కాళ్లెందుకండీ. పాస్‌వర్డ్ ఇవ్వండి. తప్పు మీదని అందరికీ చెప్పండి."

"ఆయ్," అన్నాడు లోవరాజు. తలూపి, తిరుగు బస్సెక్కాడు.

ఆ సాయంత్రమే బావగారికి పాస్‌వర్డ్ పంపి, ఆటలో అందరికీ కనబడేలా రాశాడు: దొంగ కత్తులు పుట్టించింది నేనే, మా బావగారికి ఏ సంబంధమూ లేదు. సెంటర్లో కుర్రాళ్లు తలలు తిప్పి అతన్ని చూశారు. ఇమ్మానుయేలు "మీరాండీ" అని ఒక్క మాట రాసి ఆట వదిలి వెళ్లిపోయాడు. వెనకాలే ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. పరువు పోవడం ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని లోవరాజుకి తెలియదు. బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు.

ఆదివారం సురేంద్ర వచ్చాడు. రొయ్యల ఇగురూ బూరెలూ తిని, పెళ్లాన్ని తీసుకుని బయల్దేరాడు. బస్సుకింకా టైముందని సెంటర్లో కూర్చున్నాడు. కొత్త కత్తి పట్టుకుని కోటంతా తిరిగాడు, సంతంతా తిరిగాడు, అడవిదాకా పోయి వచ్చాడు.

"ఎవరూ లేరేంటండీ బావగారూ?"

లోవరాజు చెల్లెలి వంక చూశాడు. మొగుడి కుర్చీ వెనక నిలబడి నవ్వుతోంది, నెల తర్వాత మొదటిసారి.

"ఇంక మిమ్మల్ని ఓడించేవాళ్లు లేరండి," అన్నాడు.