కాలువ గట్టు మీద పది మైళ్లు

నువ్వు పరుగెందుకు మానేశావని ఎవరైనా అడిగితే, చదువు దెబ్బతింటుందని మా నాయన ఆపించాడని చెబుతూ వచ్చాను. అది అబద్ధం. మా నాయన ఏనాడూ ఆపలేదు. బయట తిండి ముట్టుకోవద్దన్నది ఒక్కటే ఆయన పెట్టిన షరతు.

మాది సూర్యాపేటలో ధాన్యం కొట్టు. ముందు గదిలో బస్తాలు, కాంటా. వెనక నాలుగు గదుల్లో మా కాపురం. గుడ్డు అన్న మాట వినిపించినా మా అమ్మ ముఖం తిప్పుకునేది. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు పరుగు ఎలా అంటుకుందో నాకే తెలియదు. బడిలో డ్రిల్ సారు ఒకసారి మా తరగతినంతా మూసీ దాకా ఉరికించి వెనక్కి తెచ్చాడు. సగం దారిలోనే చాలామంది కూలబడ్డారు. నాకు మాత్రం ఆయాసం వచ్చినట్టే వచ్చి పోయింది. ఆ తర్వాత ఒళ్లు తేలికై, ఇంకా ఎంత దూరమైనా పోవచ్చనిపించింది. ఆ తేలికదనం కోసమే మళ్లీ మళ్లీ ఉరికాను.

నాతోపాటు కూలబడనివాడు ఇంకొకడు ఉన్నాడు. అతనిది మోతె. తండ్రి అక్కడ ఒక పెద్ద రైతు దగ్గర జీతగాడు. ఊరికి ఎడంగా ఉండే గుడిసెల్లో వాళ్ల ఇల్లు. సూర్యాపేటలో సర్కారు హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. శనివారం మధ్యాహ్నం బడి గంట కొట్టగానే చెప్పులు లేని కాళ్లతో మోతెకు ఉరికేవాడు. సోమవారం పొద్దున మొదటి గంటకు మళ్లీ బడిలో ఉండేవాడు. పన్నెండు మైళ్లు పోవడం, పన్నెండు మైళ్లు రావడం.

ఈ సంగతి తెలిసి డ్రిల్ సారు నమ్మలేదు. “ఆగకుంట ఉరుకుతవా? నడిసి పోరాదు?” అని అడిగాడు.

“నడిస్తే అమ్మ దగ్గర ఉండేది తక్కువైతది సార్,” అన్నాడు అతను.

ఆ రోజు నుంచి మేమిద్దరం జత. తెల్లవారుతుండగా ఖమ్మం రోడ్డు మీద కలిసి ఉరికేవాళ్లం. నా అడుగులు దబదబమని మోగేవి. అతనివి వినపడేవి కావు. పక్కనే ఉన్నాడా లేడా అని తల తిప్పి చూసుకోవలసి వచ్చేది.

మేము మొదటిసారి పరాయి ఊరు పోయింది కోదాడకు, అయిదు మైళ్ల పందేనికి. అమ్మ నాకు ఒక సంచి కట్టి ఇచ్చింది: చింతపండు పులిహోర, అటుకులు, పుట్నాలు, బెల్లం, మరచెంబులో నీళ్లు. పందెం అయ్యాక పిల్లలంతా బస్టాండు దగ్గర హోటలుకు పోయారు. కూర గిన్నెలన్నీ ఒకే బల్ల మీద ఉన్నాయి. మాంసంలో పెట్టిన గరిటే పప్పులోనూ పెడుతున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. హోటలు నడిపే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“ఏం బాబూ, మాంసం తినవా? మరి అంతంత దూరాలు దేంతో పరిగెత్తుతున్నావయ్యా?” అంది. లోపల అందరూ నవ్వారు.

అతను నవ్వలేదు. తినేది వదిలేసి నాతో బయటికి వచ్చాడు. రోడ్డు పక్క కంకర కుప్ప మీద కూర్చుని ఇద్దరం పులిహోర తిన్నాం. తర్వాత అతను తన గుడ్డ మూట విప్పాడు. అందులో రెండు జొన్న రొట్టెలు, నూరిన మిరపకారం ఉన్నాయి. ఒక రొట్టె నా వైపు చాపాడు. నేను చెయ్యి చాపలేదు.

“మీ అమ్మ చేసింది నేను తిన్న. మా అమ్మ చేసింది నువ్వు తినవా?”

“మా ఇంట్ల నీచు తినం గద.”

“రొట్టెల నీచు ఏడున్నది?”

అతను రొట్టె వెనక్కి తీసుకుని, రెండూ తనే తిని, చేతులు దులుపుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. వచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు.

తర్వాత రెండేళ్లలో చాలా ఊర్లు తిరిగాం. ప్రతిచోటా నా తిండి ఒక తంటా. ఎక్కడైనా పెరుగు, అరటిపండ్లు దొరికితే సంబరపడేవాణ్ని. దొరకని చోట బెల్లం ముక్క నోట్లో వేసుకుని పడుకునేవాణ్ని. అతను తన వాటా అన్నం తినేసి, ఊరంతా తిరిగి నాకోసం ఏదో ఒకటి వెతికి తెచ్చేవాడు. ఒకసారి ఎవరి పెరట్లోనో జామకాయలు అడుక్కొచ్చాడు. అతను అన్నిసార్లు నాకోసం తిరగడం నాకు మామూలై పోయింది.

పదకొండో తరగతిలో ఉండగా మిర్యాలగూడలో పది మైళ్ల పందెం పెట్టారు. అందులో మొదట వచ్చిన ఇద్దరినీ హైదరాబాదు పంపుతామన్నారు. శివరాత్రి వెళ్లిపోయి ఎండలు మొదలైన రోజులు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ తవ్వుతున్న కాలం అది. పని అయిపోయినచోట గట్టు మీద చదునుగా మట్టిబాట ఉండేది. పందెం ఆ బాట మీదే.

మిర్యాలగూడలో మా పెద్దమ్మ ఉండేది. పెదనాన్నకు రైస్ మిల్లు. పందేనికి ముందురోజు సాయంత్రం పిల్లలందరికీ ఒక బడిలో వంట చేస్తున్నారు. మాంసం ఉడికే వాసన వరండా దాకా వచ్చింది. నేను అతని చెయ్యి పట్టుకుని, “ఈడ తినకు. మా పెద్దమ్మ ఇంటికి పోదాం, ఇద్దరం ఆడనే తిందాం,” అన్నాను. ఇన్నాళ్లూ నాకోసం తిరిగినవాడికి ఒక్కపూటైనా కడుపునిండా పెట్టించాలని నా ఆశ. అది మంచి ఆలోచన అనే అనుకున్నాను. ముందు వెనుకలు చూసుకోలేదు.

అతను ఒక్క క్షణం తటపటాయించాడు. “మీ వాళ్లు ఏమనరా?”

“ఏమంటరు? దా.”

పెద్దమ్మ గుమ్మంలో దీపం పెడుతోంది. నన్ను చూసి ముఖం వెలిగింది. తర్వాత అతన్ని చూసింది.

“ఎవల పిల్లగాడు బిడ్డా?”

“మా బడిల సదువుతడు పెద్దమ్మా. నాతోని ఉరుకుతడు.”

“అది గాదు. ఎవలోల్లు?”

నేను నసిగాను. అతనే తన కులం చెప్పాడు, బడిలో హాజరు పలికినట్టు.

“గట్లనా. గా అరుగు మీద కూసో బిడ్డా. నీకు గాడికే పంపిస్త,” అంది పెద్దమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, కసురు లేదు. ఉంటే నేను ఏమైనా అనేవాణ్నేమో. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి లోపలికి నడిపించింది. నేను నడిచాను.

పీట వేసి, విస్తరి వేసి, పప్పు, బీరకాయ కూర, చారు, గడ్డపెరుగు వడ్డించారు. రెండుసార్లు వీధి వైపు చూశాను. “అటెందుకు సూస్తవు, తిను. రేపు ఉరకాలె,” అంది. తిన్నాను. లోపల మగవాళ్లందరి భోజనాలూ అయ్యాక పనిమనిషి అన్నం పట్టుకుని బయటికి పోయింది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అరుగు మీద విస్తరి ఉంది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. అతను లేడు.

బడికి ఉరికాను. అక్కడ వంట గిన్నెలు కడిగి బోర్లించేశారు. అతను వరండాలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

“తిన్నవా?” అన్నాను.

“ఆ.”

“ఏడ తిన్నవ్?”

“పండుకో. రేపు పందెం ఉన్నది.”

పందెం పొద్దున ఆరింటికి అన్నారు. ఉరికే ముందు కడుపు బరువు కాకూడదని అందరికీ ఒక్కో గ్లాసు చాయ్ ఇచ్చారు. జెండా ఊపవలసిన ఆఫీసరు రాలేదు. ఏడయింది, తొమ్మిదయింది. గట్టు మీద నిలబడ్డ మాకు నీడ లేదు. నేను సంచి విప్పి అటుకులు, బెల్లం తీసి అతనికి చూపించాను.

“నీ మూట నువ్వే తిను,” అన్నాడు. “నాకు ఆకలి లేదు.”

నేను రెండోసారి అడగలేదు. ఒక్కణ్నే తిన్నాను.

ఆఫీసరు జీపు వచ్చేసరికి పదకొండు కావొస్తోంది. ఆయన రెండు మాటలు మాట్లాడి జెండా ఊపాడు. అయిదు మైళ్లు పోయి, అక్కడ పాతిన గుంజ చుట్టి, వెనక్కి రావాలి. నీళ్ల కుండలు ఆ గుంజ దగ్గర మాత్రమే పెట్టారు. పక్కనే అంత లోతు కాలువ, అడుగున నెర్రెలు విచ్చిన మట్టి. నాగార్జునసాగర్ నీళ్లు ఇంకా రాలేదు.

అతను మొదటి నుంచే అందరికంటే ముందు పోయాడు. ఎప్పుడూ అలా చేసేవాడు కాదు. చివరి మైలు దాకా నాతో పాటే ఉండేవాడు. ఆ రోజు నా పక్కన ఉండటం అతనికి ఇష్టం లేదు. గుంజ చుట్టి ఎదురుగా వచ్చేటప్పుడు కూడా నా వైపు చూడలేదు. ముఖం ఎండిపోయి ఉంది, చెమట లేదు. అది మంచి లక్షణం కాదని ఆనాడు నాకు తెలియదు.

ఏడో మైలు దాటాక అతను మళ్లీ కనిపించాడు. తిన్నగా ఉరకడం లేదు. గట్టు ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతున్నాడు. వెనక వస్తున్న నాకు మొదటిసారి అతని అడుగుల చప్పుడు వినిపించింది. నేను దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ల మీద కూలబడ్డాడు. తలెత్తి నన్ను చూశాడు. గుర్తుపట్టాడో లేదో చెప్పలేను.

“నీళ్లు,” అన్నాడు.

“ముందట ఉన్నయ్, లేసి దా,” అన్నాను. ముందట నీళ్లు లేవని నాకు తెలుసు. ఆ మాట అంటూనే అతన్ని దాటేశాను. నా ముందు ఒక్కడే ఉన్నాడు, నా వెనక కనుచూపు మేరలో ఎవరూ లేరు. హైదరాబాదు పోయే ఇద్దరిలో నేనొకణ్ని అన్న ఆలోచన తప్ప ఆ మూడు మైళ్లూ నా బుర్రలో ఇంకేదీ లేదు. రెండోవాడిగా వచ్చాను. ఎవరో నా మెడలో బంతిపూల దండ వేశారు. నవ్వాను కూడా.

తర్వాతే చెప్పాను, అతను దారిలో పడిపోయాడని. డ్రిల్ సారు నా ముఖంలోకి చూసి, సైకిలెక్కి పోయాడు. కాలువ పనివాళ్లు అతన్ని అప్పటికే ఎద్దుల బండిలో వేసుకుని వస్తున్నారు. ఒక ఆడమనిషి తడిపిన కొంగుతో నుదురు తుడుస్తోంది. ఒళ్లు కాలిపోతోంది. దవాఖానలో డాక్టరు లేడు. కంపౌండరు సూది వేశాడు, తడిగుడ్డలు కప్పాడు. డాక్టరు కోసం పంపిన మనిషి తిరిగి రాకముందే, మధ్యాహ్నం మూడింటికి, అతను పోయాడు. పదిహేడేళ్లు.

పెదనాన్న వచ్చి నన్ను మిల్లు రిక్షాలో ఇంటికి తీసుకెళ్లాడు. పెద్దమ్మ గుమ్మం దగ్గరే ఆపింది. “శవం కాడికెల్లి వచ్చినవ్. బాయి కాడ తానం చేసి లోపలికి రా,” అంది. స్నానం చేశాను. పీట వేసింది. ఆకలి దంచేస్తోంది. ఏడుస్తూనే రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. ఆ అన్నం తిన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. దాటి ఉరికినందుకంటే కూడా.

శవాన్ని డ్రిల్ సారు లారీలో మోతె తీసుకెళ్లాడు. నన్ను మా వాళ్లు పోనివ్వలేదు. పదిహేను రోజుల తర్వాత, మిర్యాలగూడ బడి వరండాలో మిగిలిపోయిన అతని గుడ్డసంచి తీసుకుని నేనొక్కణ్నే మోతె పోయాను. తండ్రి పనికి పోయాడు. తల్లి సంచి అందుకుని ఒళ్లో పెట్టుకుంది. పందెం గురించి అడగలేదు, ఎలా పడ్డాడని అడగలేదు.

“ఆ పొద్దు ఏమన్న తిన్నడా బిడ్డా?” అంది.

“తిన్నడు. మా పెద్దమ్మ ఇంట్ల కడుపునిండ తిన్నడు,” అన్నాను.

ఆమె తల ఊపింది. నేను హైదరాబాదు పోలేదు. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఉరకలేదు.

కొన్నేళ్లకు కాలువకు నీళ్లొచ్చాయి. జొన్న పండిన చేలల్లో వరి పండింది. కోదాడ, మిర్యాలగూడ చుట్టూ మిల్లులు లేచాయి. చదువయ్యాక నేనూ వ్యాపారంలోకి దిగాను. డెబ్బైల్లో ఒక వానాకాలం పనిమీద గరిడేపల్లి పోయాను. రైతుతో గట్టు మీద నిలబడి మాట్లాడుతుంటే మడిలో నాట్లేసే ఆడవాళ్లలో ఆమె కనబడింది. పని కోసం మోతె నుంచి వచ్చిన ముఠా అది. జుట్టంతా నెరిసింది కానీ చూడగానే గుర్తుపట్టాను. ఆమె నీళ్లు తాగడానికి గట్టెక్కినప్పుడు దగ్గరికి పోయి నేనెవరో చెప్పాను.

“ఎర్కపట్టిన సేటూ,” అంది.

నేను ఇంక ఆపుకోలేకపోయాను. విస్తరి సంగతి, అటుకుల సంగతి, దాటి ఉరికిన సంగతి, అన్నీ చెప్పాను. ఆమె చేతికంటిన బురద గడ్డికి తుడుచుకుంటూ విన్నది.

“నాకెర్కే,” అంది. “ఆనితోని ఉరికిన పిలగాండ్లు దినాల నాడే చెప్పిన్రు.”

“మరి నేనొచ్చిన్నాడు ఎందుకు అడిగినవమ్మా?”

“నువ్వు చెప్తవేమో సూద్దామని. చెప్పకపోతివి. పిల్లగాడు, భయపడ్డడు, మల్ల వస్తడు అనుకున్న. ఏడాది సూసిన. రెండేండ్లు సూసిన. ఇగ సూసుడు ఇడిసిపెట్టిన.”

మడిలోంచి ఎవరో ఆమెను కేకేశారు, వరుస వెనకబడుతోందని. ఆమె చీర మోకాళ్ల పైకి చెక్కుకుంది.

“ఎండ ముదురుతున్నది. పో సేటూ,” అని బురదలోకి దిగి, నారు కట్ట విప్పి, వంగి తన వరుస అందుకుంది. నేను గట్టు మీద ఇంకా కాసేపు నిలబడ్డాను. ఆమె మళ్లీ తలెత్తలేదు.