నా బిడ్డ నీళ్లు తాగదు

"రోజుకు ఎన్ని నీళ్లు తాగుతావమ్మా?" అని సూర్యాపేట దవాఖానలో డాక్టరమ్మ నా బిడ్డను అడిగింది. నా బిడ్డ నలభై దాటిన మనిషి. కోదాడలో బడి పంతులమ్మ. గదినిండా పిల్లలను కంటిచూపుతో కూర్చోబెడుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం మంచం మీద తల వంచుకుని కొంగు నలుపుకుంటూ ఉండిపోయింది. బిడ్డ తరఫున నేనే జవాబు చెప్పాను. గర్వంగానే చెప్పాను.

"నా బిడ్డకు సిన్నప్పటి నుంచి మంచి అలవాటున్నది డాక్టరమ్మా. పొద్దుగాల ఇంట్ల తాగితే మళ్ల పొద్దుగూకినంకనే. ఎంత దూరం పోయినా బస్సు ఆపుమని అడగదు."

సెలైన్ మారుస్తున్న నర్సు పిల్లకు నవ్వాగలేదు. "గదేం మంచి అలవాటు పెద్దమ్మా! గట్ల నీళ్లు తాగకుంట ఉంటేనే కిడ్నీల రాళ్లు పడ్డయి."

డాక్టరమ్మ నవ్వలేదు. రాయి తీసినా మళ్లీ వచ్చిందని, ఇన్ఫెక్షన్ పైకి పాకి ఒక కిడ్నీ వాచిందని, ఇలాగే సాగితే అది పనికిరాకుండా పోతుందని విడమరచి చెప్పింది. "మందులు నేనిస్తాను. నీళ్లు మాత్రం ఆమే తాగాలి. వచ్చినప్పుడు ఆపుకోకుండా వెళ్లాలి" అంది.

నాకు రోషం వచ్చింది. "మా కాలంల బాత్‌రూములు యాడివి డాక్టరమ్మా? ఆపుకోక ఏంజేస్తం?"

అందులో అబద్ధం లేదు. వేములపల్లి పక్క మా ఊళ్లో చుట్టూ వరి పొలాలే. ఆడవాళ్లం తెల్లవారక ముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి చెంబు పట్టుకుని వెళ్లేవాళ్లం. నడుమ పగలంతా ఒళ్లు బిగబట్టుకోవాల్సిందే. పట్టపగలు గట్టు మీద ఆడపిల్ల కనబడితే ఊరు ఊరుకోదు. అందుకే మా అమ్మ నాకు గ్లాసు కొలిచి నీళ్లు పోసింది. నేను నా బిడ్డకు అలాగే పోశాను. నేను మూడో తరగతితో బడి మానేసిన దాన్ని. తాగిన నీళ్లు ఒంట్లో ఏం పని చేస్తాయో నాకు తెలియదు. ఊరి నోరు ఏం పని చేస్తుందో మాత్రం బాగా తెలుసు.

నా బిడ్డ అప్పుడు తలెత్తింది. "ఉండె కదమ్మా."

"ఏముండె?"

"బాత్‌రూము. నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడే నాయిన కట్టిచ్చిండు గదా. గుంత నిండుతదని నువ్వే తాళం ఏసి తవుడు బస్తాలు పెడితివి."

నిజమే. దొడ్లో ఒక మూలకు ఇటుకలతో కట్టించిన గది. నీలం రంగు తలుపు. గుంతలో సిమెంటు వరలు దించారు. అందరం రోజూ వెళ్తే గుంత తొందరగా నిండుతుంది, మళ్లీ తోడించడం ఎవరి తరం అని నా లెక్క. పైగా రేకుల కింద ఖాళీగా ఉన్న జాగా. బర్రెల తవుడు వానకు తడవకుండా దాచుకోవచ్చు. చుట్టాలు వస్తే బస్తాలు బయటికి, చుట్టాలు పోతే మళ్లీ లోపలికి. తాళంచెవి నా బొడ్లో ఉండేది. వాడకట్టులో అందరూ నన్ను పొదుపరి అన్నారు, నా బిడ్డను పద్ధతైన పిల్ల అన్నారు. రెండు మాటలూ నాకు తీపిగానే ఉండేవి.

"ఒకనాడు అన్నం బెల్లుకు బడి నుంచి ఉరికొచ్చి అమ్మను తాళంచెవి అడిగిన డాక్టరమ్మా. సాయంత్రం దాక ఓర్సుకోలేవా, ఆడపిల్లవు గాదూ అన్నది. మళ్ల బడికి పోయిన. ఆనాటి నుంచి అడగలే" అంది నా బిడ్డ. కోపంగా అనలేదు. ఎవరింటి సంగతో చెప్పినట్టు చెప్పింది.

నాకు ఆ రోజు గుర్తు కూడా లేదు. నర్సు పిల్ల ఈసారి నవ్వలేదు.

దవాఖాన నుంచి వచ్చాక కొన్నాళ్లు కోదాడలో బిడ్డ దగ్గరే ఉన్నాను. మనవరాలు తల్లి ఫోనులో అలారం పెట్టింది. అది మోగితే, "అమ్మా, ఫోన్ మొత్తుకుంటుంది, తాగు" అని ఆటపట్టించేది. సెలవు రోజు నా బిడ్డ కాస్త తాగేది. బడి ఉన్ననాడు నోట్లో పోసుకుని అలాగే ఉండిపోయేది. "గొంతు దిగుతలేదమ్మా" అనేది. ఒక సాయంత్రం టిఫిన్ డబ్బా కడుగుదామని మనవరాలి సంచి తీస్తే నీళ్ల సీసా మూతి దాకా నిండుగా ఉంది.

"ఎందుకు తాగలేదే?"

"అమ్మ కూడా తాగదు కదా అమ్మమ్మా."

చుక్క వృథా చేయని చెయ్యి నాది. ఆ నీళ్లు బిందెలో పోయబోయి ఆగిపోయాను.

మొన్న మిర్యాలగూడలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. ఫంక్షన్ హాల్లో నా బిడ్డ మందు వేసుకోవాలని నా ముందే సగం సీసా తాగింది. కాసేపటికి కుర్చీలో అటూ ఇటూ కదలసాగింది. నాకు అర్థమైంది. "పా బిడ్డా" అని లేపి బాత్‌రూము దాకా తీసుకెళ్లాను. లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. ఎంతసేపటికీ చప్పుడు లేదు.

"ఏమైంది బిడ్డా?"

"వస్తలేదమ్మా. తలుపు అవతల ఎవరన్న నిలబడ్డట్టనిపిస్తే ఇగ రాదు. నువ్వు జర దూరం పో."

అవతల నిలబడ్డది నేనే. తనకు వినిపించాలని చెప్పులు గట్టిగా ఈడ్చుకుంటూ చేతులు కడుక్కునే చోటికి వెళ్లాను. ఇంతలో మా ఆడబిడ్డ వచ్చింది.

"ఏం వదినా, గీడ కావలి కాస్తున్నవ్? పెండ్లికొడుకును ఎవలన్న ఎత్కపోతరా?"

"నా బిడ్డ లోపలున్నది."

"గింత సేపా? అన్నాల బంతి లేస్తున్నది, నేను పిలుస్త ఉండు" అని తలుపు కొట్టబోయింది. గబుక్కున వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. పక్కనే మగవాళ్లు చేతులు కడుక్కుంటున్నారు. ఇలాంటి మాట నేను పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో ఎత్తలేదు.

"కొట్టకు వదినా. ఒంటికి పోయింది. ఎంత సేపైతే గంత సేపు పోనియ్యి."

మగవాళ్లు తిరిగి చూశారు. "నీకు సిగ్గు లేకుంట పోయిందే" అని ఆడబిడ్డ బుగ్గలు నొక్కుకుంది. నా ముఖం మండిపోతోంది. ఆడబిడ్డ చెయ్యి మాత్రం వదల్లేదు.