మావ చేతికి చిక్కిన చాకు

మా గణపతిరావు మావ వదులుగా ఉన్నదాన్ని దేన్నీ చూసి ఊరుకోలేడు. బిగించాలి. బిగించేదాకా ఆయనకు అన్నం సహించదు, బిగించాక మనకు సహించదు.

అది ఆయన తప్పు కాదంటుంది మా అమ్మ. సొంత తమ్ముడు కాబట్టి అలాగే అంటుంది. ముప్పై మూడేళ్లు రైల్వేలో కీమేనుగా చేశాడాయన. అంటే తెల్లవారకముందే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, ఎక్కడ క్లిప్పు వదులైతే అక్కడ ఒక దెబ్బ వేసి బిగించే ఉద్యోగం. రిటైరై కోటబొమ్మాళిలో మా వీధి చివర ఇల్లు కట్టుకున్నాడు. రైల్వే వాళ్లు ఆయన్ని వదిలారు గాని, ఆయన సుత్తిని వదల్లేదు. ఇప్పుడు పట్టాలకు బదులు మా ఇళ్లున్నాయి.

ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు వచ్చేలోగా తలుపు గడియ, మంచం కోడు, కుర్చీ కాలు కదిపి చూసేస్తాడు. ఆయన బిగించిన మా కొళాయి తిప్పాలంటే పటకారు కావాలి. ఆవకాయ జాడీ వద్దని సీసాలో పెట్టిన పాపానికి దాని మూత ఒకసారి ముట్టుకున్నాడు. చివరికి సీసా పగలగొట్టి ఆవకాయ పారబోసుకున్నాం. నా కళ్లజోడు కాడ వదులైందని తీసుకెళ్లి, ఇక జన్మలో మడతపడకుండా చేసి తెచ్చాడు. అది పెట్టెలో పట్టక, ఆరు నెలలు మేకుకు తగిలించుకున్నాను.

మా చెల్లెలు రేఖ పెళ్లిలో ఇంకా ఘోరం. మేనమామ బుట్టలో పెట్టి తేనిదే పిల్ల పీటల మీదకు రాదు. ముహూర్తం దగ్గర పడుతోంది, పంతులు గారు కేకలేస్తున్నారు, మేనమామ లేడు. వెతగ్గా వెతగ్గా షామియానా వెనక దొరికాడు. ఒక మడతకుర్చీ కిర్రుమందట. దానితో మొదలుపెట్టి డెబ్భై కుర్చీలు బిగించేశాడు. పట్టుపంచె నిండా నూనె మరకలు. పెళ్లయ్యాక ఒక్క కుర్చీ మడతపడితే ఒట్టు. షామియానా వాళ్లు వాటిని అలాగే వ్యానులో పేర్చి, నాలుగు ట్రిప్పులు తిప్పుతూ, ట్రిప్పుకొకసారి నన్ను తిట్టిపోశారు.

ఇవన్నీ భరించాను. చాకు దగ్గరకు వచ్చేసరికి మాత్రం నా ఓపిక చచ్చిపోయింది.

మా అమ్మ బుల్లమ్మకు రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. మాట, నడక తిరిగొచ్చాయి గాని కుడిచేతికి పట్టు రాలేదు. కత్తిపీట ముందు కూర్చోలేదు, అలాగని ఒకరిని సాయం అడగడం ఆవిడకు పుట్టుకతోనే చేతకాదు. అందుకని మా నాన్న మడతచాకు బయటికి తీసింది. దాని బ్లేడు ఇరుసు దగ్గర వదులై లొటలొటలాడేది. ఆ వదులే ఆవిడకు కలిసొచ్చింది. ఎడమచేతి బొటనవేలితో తోస్తే చాలు, తెరుచుకునేది. జామకాయ పీటమీద పెట్టి, చచ్చుబడ్డ చేతిని దానిమీద బరువుగా ఆనించి, ఎడమచేత్తో ముక్కలు కోసి, ఉప్పూకారం అద్దుకుని తినేది. రోజు మొత్తంలో తనంతట తాను చేసుకునే పని అదొక్కటే. మేం కోసిచ్చిన ముక్క ముట్టేది కాదు.

ఆ చాకు మావ కంట పడింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపి, మొహం మాడ్చుకున్నాడు.

"ఇది ఊగుతన్నాదప్పా. ఏదో రోజు యేలు మీదకి మడతపడిపోతాది" అన్నాడు అక్కతో.

దాని జోలికి రావద్దని అమ్మ చెప్పింది, నేనూ చెప్పాను. మా ఆవిడ శైలజ దాన్ని పప్పుడబ్బాలో దాచింది కూడా. కాని డబ్బా మూత వదులుగా ఉందట. బిగించబోయి లోపలున్న చాకు పట్టుకుపోయాడు.

మర్నాడు పెళ్లికొడుకు నడక నడుచుకుంటూ తెచ్చి ఇచ్చాడు. చాకును ఇనపదిమ్మ మీద పెట్టి, ఇరుసుసీల తలమీద సుత్తితో కొట్టి బిగించాడట. ఊగడం పోయిన మాట నిజమే. తెరుచుకోవడం కూడా పోయింది. నేను రెండు చేతులతో లాగితే గోరు విరిగింది. అమ్మ బొటనవేలితో మూడుసార్లు తోసి చూసి, పక్కన పెట్టేసి, బాగుందిరా అంది.

ఆ రోజు నుంచి జామకాయ మీద మోజు పోయిందంది. పెరట్లో జామచెట్టు కింద కాయలు మగ్గి రాలిపోతున్నాయి. శైలజ ముక్కలు కోసి పెడితే పళ్లు జివ్వుమంటున్నాయంది. నాలుగోనాడు నేను చెప్పాపెట్టకుండా గదిలోకి వెళ్లేసరికి, అమ్మ చాకును పళ్లతో తెరవాలని చూస్తోంది. నన్ను చూసి తలగడ కింద దాచేసింది. నాకు ఒళ్లు మండింది. చాకు పట్టుకుని మావ ఇంటికి పోయాను.

"మావా, మా అమ్మకి మిగిలింది ఒక్క పని. అదీ బిగించేసినావు" అన్నాను.

ఆయన చెయ్యి చాపి చాకు తీసుకున్నాడు.

తర్వాత ఎనిమిది రోజులు మా గుమ్మం తొక్కలేదు. వీధి వీధంతా హాయిగా తలుపులు తీసుకుంది, కొళాయిలు తిప్పుకుంది. ఇంతలో టీకొట్టు ధనరాజు ఒక మాట చెప్పాడు. మావ టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని, సగం చొక్కా మీద పోసుకుంటున్నాడట. తువ్వాలు కప్పుకున్న కుడిచెయ్యి కదలడం లేదట. అక్కకు వచ్చింది తమ్ముడికీ వచ్చిందనుకుని పరిగెత్తాను.

మావ అరుగుమీద కూర్చున్నాడు. కుడిచేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసుకున్నాడు. ఎడమ బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, చాకు తెరుస్తున్నాడు, తొడకు ఆనించి మూస్తున్నాడు, మళ్లీ తెరుస్తున్నాడు. చుట్టూ నూనె సీసా, ఆకురాయి, కత్తిరించిన ఇత్తడిరేకు ముక్కలు. మా అత్త చిన్నతల్లి కంచంలో అన్నం కలిపి పట్టుకుని నిలబడి ఉంది.

"ఎనిమిది రోజులై నానే ముద్దలెడతన్నాను. కుడిసెయ్యి ఇప్పడంట, ఎడంసేత్తో తినకూడదంట. పెళ్లైన కొత్తలో కూడా పెట్టనేదు" అంది అత్త.

ఇదేం పిచ్చి మావా అన్నాను.

"రెండు సేతులున్నోడికి ఆ కష్టం తెల్దురా అల్లుడూ. అందుకే ఒకటి కట్టేసినాను" అన్నాడు.

పాత సీల ఆకురాయితో అరగదీసి తీసేశాడట. ఇత్తడిరేకు బిళ్లలు బ్లేడుకు అటూ ఇటూ వేసి కొత్త సీల కొట్టాడట. బిగిస్తే వేలికి రాదు, వదిలితే ఊగుతుంది. పద్నాలుగు సీలలు పాడయ్యాయట. మడతపడిపోకుండా వెనక పట్టే స్ప్రింగు కూడా సరిచేశాడు. అంతా చెప్పి తల దించుకున్నాడు.

"గానీ నలుసంత ఊగుతాది. అంతకన్నా బిగిస్తే అప్ప యేలికి లొంగదు."

నేను తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ మింగేశాను. ఈ మనిషిని ముద్దు పెట్టుకోవాలో, సుత్తి లాక్కోవాలో నాకు తెలియలేదు. తువ్వాలు విప్పి మా ఇంటికి తీసుకొచ్చాను.

అమ్మ ఎడమ బొటనవేలితో తోసింది. చాకు టక్కున తెరుచుకుంది. జామకాయ పీటమీద పెట్టి, కుడిచెయ్యి ఆనించి కోసింది. బ్లేడు సన్నగా కదిలింది. నాకైతే కనబడలేదు గాని మావకు వినబడింది. చెయ్యి అలవాటుగా సుత్తి కోసం వెళ్లింది. వెంటనే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటిమీద కూర్చుని, మొహం వీధివైపు తిప్పేసుకున్నాడు.

అమ్మ మొదటి ముక్క ఉప్పూకారంలో అద్ది ఆయనవైపు చాపింది.

"ఒరే గణపతీ, ఇటు తిరుగు. తిను."

"ముందు ఆ సాకు మడిసీ అప్పా" అన్నాడు మావ, వీధివైపే చూస్తూ. "తరవాత తిరుగుతాను."