మైకుకు కట్టిన నిమ్మకాయ

పదకొండేళ్లు పాటలు రాసి, పాడిన కళాబృందాన్ని నేను ఒక నిమ్మకాయ కోసం వదిలేశాను. మెదక్‌లో ఈ మాట చెప్పుకుని నవ్వేవాళ్లున్నారు. నవ్వనివ్వండి. జరిగింది అదే.

మా బృందం పని ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద పాడటం. బాణామతి లేదు, చేతబడి లేదు, గుమ్మం ముందు నిమ్మకాయ పడి ఉంటే ఇంట్లో జ్వరాలు రావు అని నేను కట్టిన పాటతోనే మా సభ మొదలయ్యేది. నేను ఒక వరుస పాడితే వెనక నలుగురు దాన్నే రెండుసార్లు వంత పాడేవారు. అయితే డప్పులు మంటకు కాచి, మైకు సర్దగానే, బృందాన్ని నడిపే అన్న ఆ మైకు స్టాండుకు ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు దారంతో కట్టేవాడు. దిష్టి తగలకుండా! అన్నేళ్లూ ఆ నిమ్మకాయకు జానెడు దూరంలో నోరు పెట్టి, నిమ్మకాయకు ఏ శక్తీ లేదని పాడాను. నాకది కనబడలేదు. సిగ్గుపడే రాస్తున్నాను.

కనబడేలా చేసింది నిజాంపేటలో ఒక ముసలమ్మ. మొదటి పాట అయిపోగానే లేచి నిలబడింది.

“బిడ్డా, నిమ్మకాయతోని ఏం కాదంటివి. మరి మీ మైకుకు గదేంది?”

జనం గొల్లుమన్నారు. అన్న కూడా నవ్వి, “గది మైకుకు కట్టినమమ్మా, మనిషికి కాదు” అని తప్పించుకుని, రెండో పాట ఎత్తుకొమ్మని నాకు సైగ చేశాడు. ఎత్తుకున్నాను గానీ, ఆ ముసలమ్మ ముఖం వైపు చూడలేకపోయాను. సభలో ఎవరేం అడిగినా జవాబివ్వకుండా కూర్చోకూడదని నేర్చుకుని పెరిగినదాన్ని.

తిరుగు దారిలో వ్యానులోనే అన్నాను. “అన్నా, రేపటి సంది గది కట్టొద్దు.”

“మా నాయన కాలం నుంచి ఉన్న ఆచారం. ఉంటే నీకేం నొస్తది?”

“నాకు కాదు, పాటకు నొస్తది. గా అవ్వకు జవాబు చెప్పు, అప్పుడు కట్టు.”

“జవాబులు నువ్వే చెప్పుకో చెల్లె. ఒక్కదానివి పాడి చూడు. వంత లేకుంటే ఎట్లుంటదో నీ గొంతే చెప్తది.”

బస్టాండు దగ్గర దిగిపోయాను. ఆ వ్యాను మళ్లీ ఎక్కలేదు.

డప్పు మెడలో వేసుకుని ఒక్కదాన్నే పాడిన మొదటి సభ అల్లాదుర్గ్‌లో. మూడో పాట మధ్యలో నా గొంతు పూర్తిగా పోయింది. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. నా బస్సు కంటే ముందే ఆ వార్త మెదక్ చేరింది. మర్నాడు మా వీధి చాయ్ హోటల్లో నాకు వినబడేలాగే ఒకాయన అన్నాడు: “నిమ్మకాయ వద్దన్నది గదా, అమ్మవారు గొంతు పట్టింది. ఇగ జన్మల పాడది.”

మా అమ్మ ఏడ్చింది. “ఏడుపాయల అమ్మవారి గుడికి పోయి ఒక్క కొబ్బరికాయ కొట్టిరా బిడ్డా. నీదేం పోతది?”

నేను తల అడ్డంగా ఊపాను. అంతకన్నా ఏమీ చేయలేను. దవాఖానలో డాక్టరమ్మ పది రోజులు గుసగుసగా కూడా మాట్లాడొద్దని గట్టిగా చెప్పింది. వాదించడమే బతుకైనదానికి ఊరంతా తన మీద వాదిస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం ఎంత శిక్షో చెప్పలేను. కానీ విషయం ఒక గొంతుతో ఆగదని తెలుసు. నేను మళ్లీ పాడలేకపోతే, పదకొండేళ్లు నేను చెప్పినవన్నీ అబద్ధాలని ఈ జిల్లాలో రుజువైనట్టే.

కాబట్టి కారణం వెతికాను. పాత పాటల నోటుబుక్కు ముందేసుకుని ఒక్కో వరుసా చూశాను. అప్పుడు తట్టింది. బృందంలో నేను ఒక వరుస పాడి, వంతవాళ్లు రెండు వరుసలు పాడేదాకా ఊపిరి తీసుకునేదాన్ని. అల్లాదుర్గ్‌లో నా వరుసా, వాళ్ల రెండు వరుసలూ నేనే పాడాను. అదీ వంతలో పాడే అన్న గొంతుకు పెట్టిన, నాకు హెచ్చైన శ్రుతిలో. మూడు పాటలంటే తొమ్మిది పాటల బరువు. ఏ గొంతు మాత్రం నిలుస్తుంది? ఆ పది రోజుల్లోనే శ్రుతి దించాను. వంతలన్నీ కొట్టేశాను. అవి ఉన్న చోట ఒట్టి డప్పు మాత్రమే మోగాలని రాసుకున్నాను.

గొంతు తేరుకున్నాక మెదక్‌లోనే, గ్రంథాలయం ఆవరణలో, సాయంత్రం ఐదింటికి సభ పెట్టాను. అన్న వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. వేదిక ఎక్కితే, మైకు స్టాండుకు నిమ్మకాయ!

“ఏంది తమ్మీ ఇది?” అని మైకు అద్దెకిచ్చిన అతన్ని అడిగాను.

“నీకోసం కాదక్కా. నా మైకు ఖరాబైతదని.”

దారం తెంపాను. చాకు, ఉప్పు, గ్లాసెడు నీళ్లు తెమ్మన్నాను. అందరి ముందూ కోసి, పిండి, కలుపుకుని తాగాను. తర్వాత ఆరు పాటలు పాడాను. ఐదో పాటలో ఒక చోట గొంతు జీరపోయింది. డప్పు ఆపాను.

“గొంతు పగిలింది. ఎందుకో నాకు తెల్వది, తెలుసుకుంట. తెల్వకముందే అమ్మవారి మీద పెట్టకుండ్రి” అని చెప్పి, అదే వరుస మళ్లీ పాడాను. ఈసారి పగల్లేదు.

సభ అయ్యాక అన్న దగ్గరికొచ్చాడు. “మస్తు పాడినవ్ చెల్లె. కానీ నిమ్మకాయ పని చేసింది చూడు. మైకుకున్నా కడుపులున్నా ఒకటే!”

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తప్పు నాదే. నిమ్మకాయను ఓడించాలని వెళ్లి, దానికే పెద్ద వేషం ఇచ్చాను.

మూడో సభ నేనే అడిగి నిజాంపేటలో పెట్టించుకున్నాను. ఆ ముసలమ్మ వచ్చింది. కూర్చోకుండా ముందు మైకు దగ్గరికి నడిచి, స్టాండును కిందినుంచి పైదాకా చూసింది. వెనక్కి వెళ్లి కూడా చూసింది.

“ఏం కట్టలేదా బిడ్డా?”

“ఏం కట్టలేదవ్వా.”

“తాగుడు గూడ లేదా? మెదక్‌ల ఏదో తాగినవంట.”

“తాగలేదు. తాగ.”

ఆమె కొంగు సర్దుకుని, సరిగ్గా నా ఎదురుగా కూర్చుంది.

“గట్లైతే పాడు. ఇప్పుడు వింట.”