పాముకు పాలు పోసింది నేనే

దుబాయ్‌లో నాగుల పంచమి నాడు మా ఊరాయన ఒకాయన పెంపుడు పామును చంపాడని మా ఊళ్లో పదిహేనేళ్లుగా ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేను. పాము నాది. దాన్ని చంపిందీ నేనే. వరుసగా చెబుతాను.

జెబెల్ అలీలో ఓడరేవు తవ్వుతున్న రోజులు. క్యాంపులో మా గదికి ఎనిమిది మందిమి, అందరం కరీంనగర్ వైపు వాళ్లమే. నేను చెబుతున్న ఆయనదీ నాదీ ఒకే ఊరు. నాకంటే ఆరేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. గదిలో ఒకరికి పాట వచ్చు, ఒకరికి వంట వచ్చు. నాకు ఏదీ రాదు. అందుకని మా తాత పాములు పట్టేవాడని ఒకరోజు చెప్పాను. మా తాత జన్మలో పట్టింది బర్రె పలుపు ఒక్కటే.

ఆ అబద్ధం ఇసుక తవ్వే మిషన్ నడిపే పఠాన్ చెవిన పడింది. ఒక సాయంత్రం పని దిగాక ఆయన రెండు నూనె డబ్బాలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక్కోదాంట్లో ఒక్కో పాము. ఒకదానికి కళ్ల మీద రెండు కొమ్ములు, ఠీవిగా ఉంది. రెండోది మూరెడు కూడా లేదు. కళ్లు నెత్తి మీద ఉన్నాయి. ఏదో అడగబోయి మరిచిపోయిన మనిషిలా చూస్తోంది. గదిలో అందరూ చూస్తున్నారు కదా, నేను కొమ్ములదాని వైపు చెయ్యి చాచాను. అన్న నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. పఠాన్ గొంతు మీద వేలు అడ్డంగా గీసి, "సింగ్‌వాలా కాటా తో ఖలాస్" అన్నాడు, కొమ్ములది కరిస్తే అంతేనని. అన్న రెండోదాన్ని ఎత్తి నా చేతిలో పెట్టాడు.

"నీకు గిదే సరిపోతది. అచ్చం నీ తీర్గనే ఉన్నది."

అప్పట్లో ఇంటికి ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవాళ్లం. టేప్ రికార్డర్ ముందు కూర్చుని ఊసులన్నీ చెప్పి, సెలవు మీద పోయేవాళ్ల చేతికిస్తే, ఊళ్లో వాడంతా మా అరుగు మీద కూర్చుని వినేది. విషం లేని పామును చూపుతోనే కనిపెట్టి ఎంచుకున్నానని ఆ నెల క్యాసెట్‌లో చెప్పాను.

సాకింది మాత్రం అన్నే. ప్లైవుడ్ ముక్కలతో పెట్టె చేసి, జానెడు ఇసుక పోశాడు. పాము అందులో దూరి కళ్లు మాత్రం బయట పెట్టుకుని ఉండేది. వారానికొకసారి మెస్ గోడ మీది బల్లిని పట్టి తెచ్చి వేసేవాడు. చూడవచ్చిన వాళ్లకు పెట్టె మూత తియ్యడం నా పని. గిన్నెలో పాలు కూడా పెట్టేవాణ్ణి. పాలు తాగే జీవి కాదని, దాని జోలికి పోవద్దని అన్న రెండు మూడుసార్లు చెప్పాడు.

ఆ ఏడు నాగుల పంచమి శుక్రవారం పడింది. సెలవు రోజే అయినా అన్న ఓవర్‌టైమ్‌కు పోయాడు. పొద్దున్నే పక్క గదులవాళ్లు కూడా తలస్నానాలు చేసి పసుపు కుంకుమలతో వచ్చారు. పుట్ట దొరకని దేశంలో సాక్షాత్తు పామే ఉందని వాళ్ల సంబరం. పాలపొడి కలిపి పెట్టాను. పాము ముట్టలేదు. జనం నా ముఖం చూస్తున్నారు. మా తాత పరువు, అదీ నేను అల్లిన పరువే, పోయేలా ఉంది. చెవి మందు వేసుకునే గాజు గొట్టం కడిగి, పాము నోరు తెరిచి మూడుసార్లు పాలు పోశాను. అందరూ కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నారు. మధ్యాహ్నానికి పాము చచ్చిపోయింది.

సాయంత్రం అన్న వచ్చేసరికి గదిలో అందరూ ఎట్లా చచ్చింది, ఎట్లా చచ్చింది అని నన్నే అడుగుతున్నారు. మెస్‌లో బొద్దింకలకు మందు కొట్టారని, అన్న వేసిన బల్లి ఆ మందు తిన్నదని నా నోటి నుంచి వచ్చింది. పండుగ నాడు పామును చంపిన చెయ్యి అయిపోయింది ఆయనది. అన్న పెట్టె ముందు కూర్చున్నాడు. పాము మూతి చుట్టూ పాలు తెల్లగా ఎండి ఉన్నాయి. బొటనవేలితో తుడిచాడు. నా వైపు ఒకసారి చూశాడు.

ఆయనతో కలిసి కూర్చుని తినడం గదివాళ్లు మానేశారు. నెల తిరక్కుండా ఆయనే అడిగి అబుదాబి దగ్గరి ముసఫ్ఫా క్యాంపుకు మారిపోయాడు. నేను ఈ బల్లి కథంతా క్యాసెట్‌లో చెప్పాను, గొంతు కూడా కాస్త వణికించాను.

కొన్నేళ్లకు ఒకరి తర్వాత ఒకరం ఇద్దరం ఊరికి తిరిగి వచ్చేశాం. ఆయనకు పిల్లలు కలగలేదు. నాగదోషమన్నారు. వదిన నాగప్రతిష్ఠ చేయించింది, ఉపవాసాలు చేసింది. ఊళ్లో సీమంతాలకు ఆమెను పిలవడం మానేశారు. మొన్న మా తమ్ముడి భార్య సీమంతానికి పిలవాల్సిన ఇళ్లు మా ఆవిడ వేళ్ల మీద లెక్కపెడుతూ, పక్కనే ఉన్న అన్నావదినల ఇల్లు దాటేసి అవతలి ఇంటికి పోయింది. తెల్లవారి నేను వాళ్లింటికి పోయాను.

అన్న మంచానికి నవారు బిగిస్తున్నాడు. ఆయన ఎదుటే వదినకు అంతా చెప్పాను. ఆమె చేతిలో పని పక్కన పెట్టి లేచింది.

"గీ మాట మా అత్త ముంగట చెప్తవా?"

చెబుతానన్నాను. ఆ పెద్దమ్మకు చెవులు వినపడవన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. మెల్లగా చెబితే ఏందీ అంది. రెండోసారి గట్టిగా చెప్పాను. మూడోసారి అరిచాను.

"పాముకు పాలు వోసి సంపింది నేనే, పెద్దమ్మా. మీ కొడుకు గాదు."

అప్పటికి వాకిట్లో ఏడెనిమిది మంది నిలబడ్డారు, చేతిలో చాటతో మా ఆవిడ కూడా. ముసలామె అర్థమైనట్టు తల ఊపింది. ఇగ చాలు ఊకోమని అన్న నవారు వదలకుండానే అన్నాడు. వదిన ఆయన వైపు చూడలేదు, వాకిట్లో జనం వైపు చూసింది.

"ఇంకోపారి చెప్పు. ఆమెకు సరిగ్గ వినవడలె."

మళ్లీ చెప్పాను.