అన్న అన్న మాట

గోదావరిఖనిలో మా క్వార్టర్లకు దగ్గర, క్లబ్బు పక్కన ఒక రీడింగ్ రూము ఉండేది. వారపత్రిక ఒక్క కాపీయే వచ్చేది. దాన్ని ముందు ఎవరు అందుకోవాలన్నదే నాకూ, గనిలో టబ్బులకు బొగ్గు నింపే ఒక యువకుడికీ రెండేళ్లు నడిచిన పంచాయితీ. ఫస్టు షిఫ్టు దిగి, చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా వచ్చి పత్రిక పట్టుకుని కూర్చునేవాడు. నాకు చేరేసరికి ప్రతి పేజీకీ బొగ్గు వేలిముద్రలు ఉండేవి.

మేము పోటీ పడింది ఒక జానపద సీరియల్ కోసం. మబ్బుల మీద కోట ఉన్న యువరాణి, భూమి కింద రాజ్యం ఉన్న యువరాజు, ఇద్దరికీ ఒకే కిరీటం కావాలి. రెండేళ్లు కత్తులు దూసుకుని, చివరి వారం ఆమె అతన్ని పొడిచి పట్టాభిషేకం చేసుకుంది. నాకు ఒళ్లు మండింది. ఒకరి అడుగు చప్పుడు ఒకరు అంత బాగా గుర్తుపట్టేవాళ్లు ఉత్త శత్రువులెట్లా అవుతారు? ఒక నోటుబుక్కు కొని, యువరాజును బతికించి, ఇద్దరికీ పెండ్లి చేసేదాకా మిగతా కథ నేనే రాయడం మొదలుపెట్టాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు.

ఒకరోజు నోటుబుక్కును రీడింగ్ రూములో మరిచిపోయాను. మర్నాడు బల్ల మీదే ఉంది. మొదటి ప్రకరణం కింద పెన్సిలుతో, 'వీళ్లకు పెండ్లి కుదరదు. యువరాణి అతన్ని అన్న అన్నది' అని రాసి ఉంది. పక్కనే బొగ్గు వేలిముద్ర. రాసిందెవరో అడగనక్కర్లేదు.

తిరగేసి చూస్తే నిజమే. అడవిలో ఇద్దరూ ఆయుధాలు లేకుండా ఎదురుపడిన చోట యువరాణి, 'అన్నా, దాహమైతున్నది, జెర నీళ్లియ్యి' అంటుంది. మా దగ్గర దారిన పోయే ఏ మగమనిషైనా అన్నే. పత్రికల్లో రాణులు అట్లా మాట్లాడరు గానీ, ఆ సంగతి నా చేతికేం తెలుసు?

ఆ లైను కొట్టెయ్యమని రాశాడు. కొట్టెయ్యనని కింద రాశాను. అన్న మాట అన్నదే కదా, కొట్టేస్తే ఆ పిల్ల అననట్టు అవుతుందా? మొండిదాన్ని. వారాల తరబడి ఆ బల్ల మీదే నోటుబుక్కుతో పోట్లాడుకున్నాం. చివరికి దారి నాకే దొరికింది. తరువాతి మూడు ప్రకరణాల్లో యువరాణి అతన్ని ఏమనీ పిలవదు. నాలుగో దాంట్లో, కూలుతున్న సొరంగంలోకి అతను నడిచిపోతుంటే వెనక నుంచి 'ఇగో!' అంటుంది. మా అమ్మ జన్మంతా నాయినను పిలిచింది ఆ మాటతోనే. మా క్వార్టర్ల లైన్లో ఏ ఇల్లాలు 'ఇగో' అన్నా తిరిగి చూసేవాడు ఒక్కడే.

దాని కింద అతను ఒకే మాట రాశాడు: 'కుదిరింది.'

అప్పటికి మేము ఎదురుపడితే మాట్లాడుకుంటున్నాం. మొదట్లో 'ఏందన్నా, ఇంక చదువుడు కాలేదా?' అని కసిరేదాన్ని. ఎప్పటినుంచో నేనూ అతన్ని ఏమనీ పిలవడం లేదని ఒకరోజు గమనించి భయమేసింది. ఇష్టపడ్డాను, దాచుకోవడమెందుకు. అతనికీ అర్థమైంది.

ఇంతలో అతనికి బెల్లంపల్లి బదిలీ అయింది.

"పోయేముందు మీ నాయినతోని మాట్లాడుత. నువ్వు ఒక్క మాట నా దిక్కు నిలబడితె చాలు," అన్నాడు. కులాలు వేరు. నాయిన ఒప్పుకోవడం కష్టమని ఇద్దరికీ తెలుసు. నిలబడతానన్నాను.

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ అంగీ వేసుకుని, చేతిలో ఆ నోటుబుక్కుతో మా ఇంటికొచ్చాడు. బొగ్గు పోవాలని ఎంత తోమాడో, గోళ్ల చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయింది. ముందు గదిలో కూర్చున్న నాయిన తలెత్తి నన్నే అడిగాడు.

"ఎవరు బిడ్డా, ఈ పిలగాడు?"

"లైబ్రరీకి వచ్చే అన్న, నాయినా," అన్నాను.

అతను నా వైపు చూడలేదు. నాయిన కూర్చోబెట్టి చాయ తెప్పించాడు. తనకు బదిలీ అయిందనీ, చెప్పిపోదామని వచ్చాననీ అతను అన్నాడు. చాయ చివరిదాకా తాగాడు. లేచి, నోటుబుక్కు కుర్చీ మీద పెట్టి బయల్దేరాడు.

అతను సందు మలుపు దాకా పోయాక నాకు ధైర్యం వచ్చింది. గుమ్మంలోకి ఉరికి, "ఇగో!" అని అరిచాను.

ఆగాడు. తిరిగాడు. అప్పటికే నాయిన వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏంది చెల్లె?" అన్నాడతను మెల్లగా.

"ఏం లేదన్నా. పైలంగ పోయిరా," అన్నాను.

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. కొట్టెయ్యమని అతను బతిమాలిన లైను అందులో అట్లాగే ఉంది.